రెండో ప్లాట్‌ఫారం మీద లెక్కపెట్టే గొంతు

తాడిగుంట స్టేషన్లో చీకటి పడ్డాక రెండో ప్లాట్‌ఫారం మీదకి ఎవరూ వెళ్ళేవాళ్ళు కాదు.

నిడదవోలు దాటి తణుకు వైపు వస్తుంటే మధ్యలో తగులుతుంది ఆ స్టేషను. చిన్నది. ఇటు ఒకటో ప్లాట్‌ఫారం, టికెట్ల గది, టీ కొట్టు, రెండు ట్యూబులైట్లు. మూడు లైన్లు దాటితే అటు రెండోది. దాన్ని ప్లాట్‌ఫారం అనడమే గాని, నేలకి జానెడెత్తు కూడా ఉండదు. ఒక సిమెంటు బల్ల, పైకప్పు పోయిన షెడ్డు తాలూకు మొండి స్తంభాలు, వాటి వెనక చేలు. దీపం లేదు.

అక్కడ రాత్రిపూట ఒక ఆడగొంతు లెక్కపెడుతుందని చెప్పుకునేవాళ్ళు.

"ముప్పై ఆరు... ముప్పై ఏడు... ముప్పై ఎనిమిది... ఆగండి. ఇప్పుడు కాలెత్తండి."

అంతే. మనిషి కనపడదు.

చేలో నీళ్ళు పెట్టుకోవడానికి వెళ్ళిన పల్లంరాజు గారు ఆ మాట విని చేతిలో పార అక్కడే పడేసి ఇంటికొచ్చేశారు. తెల్లారాక కూడా ఆ పార కోసం వెళ్ళలేదు. రిక్షా తొక్కే చిట్టియ్యకి మూడు రోజులు జ్వరం తగ్గలేదు. విన్నవాళ్ళందరూ పరుగెత్తినవాళ్ళే. నిలబడి చూసినవాళ్ళు ఒక్కరూ లేరు.

కౌముది గారు పరుగెత్తలేరు. అందుకే ఈ సంగతి నాకు తెలిసింది.

ఆవిడ మా స్కూల్లో సోషల్ చెబుతారు, తణుకులో. మూడో ఏట పోలియో వచ్చి రెండు కాళ్ళూ పోయాయి. తొడల దాకా ఇనప కాలిపర్లు, చంకల కింద కర్రలు. పిల్లలు ఆవిడ రావడం చూడకముందే వింటారు... టక్కు, టక్కు, ఈడ్పు. ఇది జరిగిన ఐదేళ్ళకి, ఒక మధ్యాహ్నం స్టాఫ్ రూంలో మేమిద్దరమే ఉన్నప్పుడు చెప్పారు. ఆవిడ చెప్పింది చెప్పినట్టే చెబుతున్నాను.

తొంభై తొమ్మిది, ఆగస్టు నెల, శనివారం. రాజమండ్రి ఆస్పత్రిలో కొత్త కాలిపర్లు బిగించుకుని కౌముది గారు ఒక్కరే తిరిగి వస్తున్నారు. కొత్త తోలుపట్టీలు మోకాళ్ళ దగ్గర ఒరుసుకుని అప్పటికే చర్మం లేచిపోయింది. ఆరున్నరకి రావలసిన పాసింజరు ఎనిమిదింటికి వచ్చింది. నిడదవోలులో గంట ఆగింది. తాడిగుంటలో రెండో ప్లాట్‌ఫారం మీద పెట్టారు... ఇంక కదల్లేదు.

ముందు ఎక్కడో గూడ్సు పట్టాలు తప్పిందట.

పది దాటాక గార్డు లైటు పట్టుకుని పెట్టె పెట్టెకీ వచ్చాడు. "బండి ముందుకెళ్ళదండీ. ఖాళీ పెట్టెలు వెనక్కి తీసుకుపోతున్నారు. అందరూ దిగెయ్యాలి."

దిగడం అందరికీ ఒక్కలాంటిది కాదు. నేలమట్టం ప్లాట్‌ఫారం మీద పెట్టె గుమ్మం మనిషి ఛాతీ ఎత్తులో ఉంటుంది. ఒకాయనా, వాళ్ళావిడా కలిసి కౌముది గారిని బస్తా దించినట్టు దించారు. "మీకోసం ఎవరైనా వస్తారా అమ్మా?" అని అడిగి, జవాబు వినకుండానే వెళ్ళిపోయారు. కిలోమీటరున్నర నడిస్తే రోడ్డు, అక్కడ లారీలు దొరుకుతాయి. వాన పడ్డ కాలవ గట్టు. ఐదు నిమిషాల్లో ప్లాట్‌ఫారం ఖాళీ అయిపోయింది.

బండి వెనక్కి వెళ్ళిపోయింది. కాసేపటికి ఒక పొడుగాటి గూడ్సు వచ్చి మధ్య లైన్లో ఆగింది. బండ్లు తారుమారైన రోజున గూడ్సులన్నీ అక్కడే నిలబెడతారు. దాంతో అటువైపు ట్యూబులైట్ల వెలుగు కూడా పోయింది.

సిమెంటు బల్ల మీద ఒక్కరే కూర్చున్నారు.

గూడ్సు కిందనుంచి ఒక తల బయటకొచ్చింది. టీ కొట్టు అబ్బులు. ఒక చేత్తో టీ గ్లాసు పట్టుకుని, చుక్క ఒలక్కుండా రెండు చక్రాల మధ్యనుంచి దూరి వచ్చాడు.

"ఒక్కరే ఉండిపోయారేంటమ్మా?"

"ఎలా వెళ్ళనండి? ఒక రిక్షా పిలిపిస్తారా?"

"చిట్టియ్య ఉన్నాడు గాని... పది దాటాక వాడు ఇటేపు రాడండి."

"ఏం?"

అబ్బులు మొండి స్తంభాల వైపు చూశాడు. చెప్పాలా వద్దా అని కాసేపు నసిగి, గొంతు తగ్గించాడు.

"మీలాగే... కాళ్ళకి ఇనుముండేదండి ఆవిడకి. అమ్మాజీ. రాజమండ్రిలో ఎస్టీడీ బూత్ చూసుకునేది. వాళ్ళాయన విష్ణు గారికి చూపు లేదు. అక్కడే ఓ ఆఫీసులో ఫోన్లు కలిపే పని. ఇద్దరూ ఇక్కడినుంచే రోజూ వెళ్ళి వచ్చేవారు. ఆయన ఆవిణ్ణి ఎత్తి పెట్టెలో కూర్చోబెట్టేవాడు, ఆవిడ ఆయనకి మెట్టు చెప్పేది. చూడ్డానికి ముచ్చటగా ఉండేదండి."

"మరి?"

"తొంభై ఆరు తుఫానండి. దీపావళికి నాలుగు రోజుల ముందు. ఆ మధ్యాహ్నం ఇలాగే బండ్లన్నీ తారుమారు. ఒకటో మీదకి రావలసిన రాజమండ్రి బండిని ఇటు పెట్టారు. మధ్యలో గూడ్సు. జనం అంతా దాని కిందనుంచి దూరిపోయారు. మర్నాడు పొద్దున్నే ఆయనకి ఉద్యోగం పర్మనెంటు చేసే ఇంటర్వ్యూ. ఆవిడ ఆయన చెయ్యి తీసి ఎవరి చేతిలోనో పెట్టింది. 'మీరు ఎక్కండి, నేను గూడ్సు చుట్టూ తిరిగి వస్తాను' అంది. ఆవిడ వచ్చేటప్పటికి బండి లేదు. ఆ తర్వాత ఇంకే బండీ రాలేదు."

చేలమీద నుంచి గాలి వచ్చింది.

"సాయంత్రానికి గాలి లేచింది. ఆ షెడ్డు కింద పదిమందిమి ఉన్నామండి. రేకులు లేస్తున్నాయి. అందరూ పట్టాలు దాటి స్టేషన్లోకి పరుగెత్తారు..."

"మీరు?"

"...నేనూ పరుగెత్తానండి." "తిరిగొద్దామనే అనుకున్నాను. గుమ్మం దాటనివ్వలేదు గాలి. తెల్లారి చూస్తే... షెడ్డు స్తంభం ఆవిడ మీద పడిపోయి ఉంది."

ఆయన మళ్ళీ ఈ ఊరు రాలేదట. రాజమండ్రిలోనే ఉండిపోయాడట. గొంతు మాత్రం ఆ మరుసటేడు నుంచి వినపడుతోందట.

"తెల్లారితే గాని బండి లేదమ్మా. స్టేషన్ మాస్టారితో మీ సంగతి చెప్పి ఉంచుతాను" అని అబ్బులు మళ్ళీ చక్రాల కింద దూరి వెళ్ళిపోయాడు. ఖాళీ గ్లాసు కోసం కూడా ఆగలేదు.

* * *

పన్నెండు దాటింది.

కౌముది గారికి దెయ్యాలంటే నమ్మకం లేదు. ఆ రాత్రి నమ్మకంతో పనిలేకపోయింది. చీకట్లో ఒక్కరే ఉన్నప్పుడు చెవులు వాటంతట అవే పనిచేస్తాయి. చేలో కప్పలు. గూడ్సు ఇనుము చల్లారుతూ ఉండుండి టింగుమంటోంది. మోకాళ్ళ దగ్గర తడి... చెమటో, రక్తమో.

కప్పలు ఒక్కసారి ఆగిపోయాయి.

"...పదకొండు..."

దూరంగా. ప్లాట్‌ఫారం ఆ చివర్నుంచి.

"పన్నెండు... పదమూడు..."

ఆడగొంతే. కానీ మనుషులు మాట్లాడే తీరు కాదు. ఒక్కొక్క మాటా సాగుతోంది, నూతి అడుగునుంచి వస్తున్నట్టు బరువుగా. అంకెకీ అంకెకీ మధ్య ఏదో సన్నగా బుసకొడుతోంది.

"ఇరవై నాలుగు... ఇరవై అయిదు... ఇక్కడ కుళాయుంది... కుడిపక్కకి జరగండి..."

ఆవిడ చుట్టూ చూశారు. అక్కడ కుళాయి లేదు.

లేవాలనుకున్నారు. లేవాలంటే ముందు కాలిపర్లు నిటారుగా చాపి, మోకాళ్ళ దగ్గర లాకులు వేసుకుని, రెండు కర్రలూ ఆనించి పైకి లేవాలి. తొందరలో లాకు పడలేదు. ఒక కర్ర జారి కిందపడింది. ఆ చప్పుడు చేల మీదుగా వెళ్ళి తిరిగొచ్చింది.

గొంతు ఆగలేదు.

"ముప్పై ఆరు... ముప్పై ఏడు..."

అరవబోయారు. "అబ్బులు గారూ" అన్నది ఆవిడకే వినపడలేదు. గూడ్సు కిందనుంచి దూరిపోవడానికి కాళ్ళు లేవు. కళ్ళు మూసుకుని బల్ల అంచు పట్టుకున్నారు.

"ముప్పై ఎనిమిది... ఆగండి... ఇప్పుడు కాలెత్తండి... బల్ల దగ్గరికొచ్చేశారు. చెయ్యి చాపండి..."

చెయ్యి వచ్చింది.

ముందు బల్ల సిమెంటు మీద పాకింది. తర్వాత ఆవిడ చీర కుచ్చెళ్ళు తగిలాయి, ఆగింది. కిందకి జారి ఇనుము మీద పడింది. కాలిపర్ ఊచ. ఆ వేళ్ళు ఊచ వెంబడి మెల్లగా పాకుతూ, తోలుపట్టీ దాకా, మోకాలి లాకు దాకా వెళ్ళాయి. లాకు చుట్టూ ఒకసారి తిరిగాయి... తెలిసిన చోటు వెతుక్కున్నట్టు.

ఆ వేళ్ళు వెచ్చగా ఉన్నాయి.

"అమ్మాజీ?"

మగగొంతు. ఊపిరి తీసుకోవడం కూడా మరిచిపోయిన మనిషి అడిగినట్టుంది.

"అమ్మాజీ... వచ్చేశావా?"

కౌముది గారు కళ్ళు తెరిచారు. నేలమీద మోకాళ్ళ మీద కూర్చున్న మనిషి. తెల్ల కర్ర. మెడలో తాడుకి వేలాడుతున్న చిన్న టేప్ రికార్డరు. దాంట్లోంచి ఆ గొంతు ఇంకా చెబుతూనే ఉంది, "...కూర్చోండి. చెమట తుడుచుకోండి..."

"నా జన్మలో అంత కష్టమైన మాట ఇంకొకటి చెప్పలేదండి" అన్నారు కౌముది గారు నాతో. "ఆయన మొహం చూశాను. కాదని చెప్పాలి. ఎవరో ఒకరు చెప్పాలి కదా. అక్కడ నేనొక్కదాన్నే ఉన్నాను."

"కాదండి," అన్నారు. "నా పేరు కౌముది. బండి ఆగిపోయింది. ఉండిపోయాను."

ఆయన చెయ్యి వెంటనే తియ్యలేదు. ఇంకొక్క క్షణం ఆ ఇనుము మీదే ఉంచి, అప్పుడు తీశాడు. తడుముకుని బటన్ నొక్కాడు. టక్కుమంది. గొంతు ఆగిపోయింది.

"క్షమించండి" అన్నాడు. "భయపెట్టాను."

* * *

విష్ణు కూడా అదే బండిలో వచ్చాడు. చివరి పెట్టె. శనివారం శనివారం వస్తాడట, నెలకి ఒకటి రెండుసార్లు. జనం వెళ్ళేదాకా చేలగట్టు మీద కూర్చుంటాడు. పగలు వస్తే ఊళ్ళోవాళ్ళు చెయ్యి పట్టుకుంటారు, ఏడుస్తారు, ఇంటికి భోజనానికి రమ్మంటారు. అది పడదు ఆయనకి.

ఆ కేసెట్టు అమ్మాజీ చేసింది. ఒకసారి వాళ్ళమ్మకి బాగోక పదిహేను రోజులు పుట్టింటికి వెళ్ళవలసి వచ్చి, ఈయన ఒక్కడూ ఎలా నడుస్తాడోనని స్టేషనంతా తిరిగి, అడుగులు లెక్కపెట్టి, రికార్డు చేసి ఇచ్చింది. ఒకటో ప్లాట్‌ఫారం ఒక వైపు, రెండోది ఒక వైపు. అప్పట్లో రెండోదాని మీద కుళాయి ఉండేది. ఆవిడ అడుగులు ఆయన అడుగులకి సరిపోవు గనక, ఆయన్ని పక్కన నడిపించుకుంటూ ఆయనవే లెక్కపెట్టింది.

"బ్యాటరీలు నీరసపడితే గొంతు అలా సాగిపోతుందండి" అన్నాడు. "కొత్తవి వెయ్యొచ్చు. వేస్తే తొందరగా అయిపోతుంది. ఇలాగైతే ఎక్కువసేపు ఉంటుంది."

తుఫాను నాడు ఆయన రాజమండ్రి చేరాక ఫోను లైన్లన్నీ తెగిపోయాయి. ఇంటర్వ్యూ జరగలేదు. ఆఫీసులో ఫోన్లు కలిపే బోర్డు ముందు కూర్చుని తాడిగుంట స్టేషన్‌కి నంబరు తిప్పుతూనే ఉన్నాడు. ఆ రాత్రి, మర్నాడు, ఆ మర్నాడు. నాలుగో రోజు లైను కలిసింది. ఎవరో ఎత్తారు. ఆయన అమ్మాజీ పేరు చెప్పగానే అటువైపు మనిషి ఫోను పక్కన పెట్టేసి వెళ్ళిపోయాడు. అప్పటికి దహనం కూడా అయిపోయింది.

తర్వాత ఆయనే అడిగాడు.

"మిమ్మల్ని ఒకటి అడగొచ్చాండి? ఇంకెవర్ని అడిగినా లాభం లేదు. వాళ్ళకి తెలీదు."

"అడగండి."

"ఆ రోజు నేనెక్కాక బండి ఇక్కడ పదిహేను నిమిషాలు ఆగింది. నేను వాచీ చూసుకుంటూనే ఉన్నాను." ఆయన మణికట్టుకి అద్దం పైకి తెరుచుకునే వాచీ ఉంది, ముళ్ళు వేళ్ళతో తడిమి చూసుకునేది. "గార్డుతో ఒక్క మాట చెబుదామనుకున్నాను. మా ఆవిడ వస్తోంది, ఇంకొక్క రెండు నిమిషాలు ఆపండి అని. మొహమాటపడ్డాను. బండి కదిలేటప్పటికి ఆవిడ ఎక్కడుందో చూసినవాళ్ళు లేరు, గూడ్సు అడ్డం. ఒకళ్ళు చాలా దూరంలో ఉందంటారు. ఒకళ్ళు చివరి పెట్టె దాకా వచ్చేసిందంటారు. ప్లాట్‌ఫారం మీద ఆవిడ నడక నాకు తెలుసండి. కంకర మీద తెలీదు. ఎప్పుడూ నడవలేదు. కాలిపర్లతో ఆ గూడ్సు చుట్టూ తిరిగి రావడానికి ఎంతసేపు పడుతుందండి?"

"నేనూ ఎప్పుడూ కంకర మీద అంత దూరం నడవలేదండి" అన్నారు కౌముది గారు. అది నిజమే.

ఆయన తలూపాడు. మూడేళ్ళుగా అడగాలనుకున్న మాట అడిగేశాక, ఇంక అడగడానికేమీ లేనివాడిలా గోడలాంటి ఆ గూడ్సు వైపు మొహం పెట్టి కూర్చున్నాడు.

తెల్లవారుజామున గూడ్సు అవతలినుంచి అబ్బులు కేక వేశాడు. "అమ్మా! ఆరింటికి తణుకు వైపు బండొస్తోంది! ఒకటో ప్లాట్‌ఫారం! మనుషుల్ని తీసుకొస్తాను, మోసుకొస్తారు!"

కౌముది గారు విష్ణు వైపు చూశారు. ఆయన చెయ్యి వాచీ మీదకి వెళ్ళింది.

"వద్దండీ!" అని ఆవిడ తిరిగి కేక వేశారు. "నేనే చుట్టూ తిరిగి నడిచొస్తాను!"

లాకులు వేసుకున్నారు. కర్రలు అందుకున్నారు. ఆయన వాచీ అద్దం తెరిచి ముళ్ళు తడిమాడు. ఐదూ ముప్పై ఐదు.

"పదండి" అన్నారు ఆవిడ.

ఆయన పక్కనే నడిచాడు. ఆవిడ గూడ్సు పెట్టెలు ఒక్కొక్కటీ దాటుతూ వెళ్ళారు. కంకర మీద కర్ర జారినప్పుడల్లా ఆగారు. మూడో పెట్టె దగ్గర లాకు సడలిందని కూర్చున్నారు. ఏడో పెట్టె దగ్గర పట్టీ కోస్తోందని మళ్ళీ కూర్చున్నారు. పెట్టె పెట్టెకీ ఊపిరి తీసుకున్నారు. "ఎత్తుకోనాండి?" అని ఆయన రెండుసార్లు అడిగాడు. "వద్దండి, ఆ రోజు ఆవిణ్ణి ఎవరూ ఎత్తుకోలేదు కదా" అన్నారు. మళ్ళీ అడగలేదు.

వాళ్ళు ఇంకా గూడ్సు ఇవతలే ఉండగా బండి వచ్చిన చప్పుడైంది. అబ్బులు అవతలినుంచి అరుస్తున్నాడు, "అమ్మా, తొందరగా! బండి వచ్చేసింది!" కాసేపటికి కూత వేసింది. కదిలింది. చక్రాల చప్పుడు దూరమై దూరమై తణుకు వైపు ఆగిపోయింది.

చివరి పెట్టె చుట్టూ తిరిగి, పట్టాలు దాటి, ఒకటో ప్లాట్‌ఫారం ర్యాంపు దగ్గరికి వచ్చేటప్పటికి ఆయన మళ్ళీ ముళ్ళు తడిమాడు.

"యాభై నిమిషాలు" అన్నాడు.

"అంతేనండి" అన్నారు కౌముది గారు. "మావాళ్ళెవరు నడిచినా అంతే. రెండు నిమిషాలు ఆపించినా, పది నిమిషాలు ఆపించినా... అందేది కాదు."

ఆయన ఆ ర్యాంపు మీదే కూలబడ్డాడు. మోకాళ్ళ మధ్య తల పెట్టుకుని, మూడేళ్ళ ఏడుపు అంతా ఏడ్చాడు. కౌముది గారు ఆయన పక్కన నిలబడ్డారు, ఇంకేం చెయ్యాలో తెలీక. చాలాసేపటికి ఆయన లేచి, ఆవిడ రెండు చేతులూ వెతుక్కుని పట్టుకుని, "బతికించారండి" అన్నాడు.

ఆ తర్వాత తాడిగుంటలో గొంతు వినపడటం మానేసింది. ఆ ఏడు కార్తీకంలో ఊళ్ళోవాళ్ళు చేయించిన శాంతి వల్లనే అనుకున్నారు అందరూ. విష్ణుకి ఆ మరుసటేడు ఉద్యోగం పర్మనెంటు అయిందని కౌముది గారికి ఎవరి ద్వారానో తెలిసింది.

కథ అయిపోయిందనుకున్నాను నేను. లంచ్ అయిపోయిన బెల్లు కొట్టారు. పుస్తకాలు సర్దుకుంటున్నాను.

"ఆ దసరా సెలవుల్లో నేను మళ్ళీ తాడిగుంట వెళ్ళానండి, ఒక్కదాన్నే" అన్నారు కౌముది గారు. ఆవిడ నా వైపు చూడటం లేదు. "గూడ్సు లేదు గాని, దాని చివరి పెట్టె ఆగిన చోటు నాకు గుర్తుంది. అక్కడిదాకా వెళ్ళి, పట్టాలు దాటి, చుట్టూ తిరిగి వచ్చాను. ఎక్కడా కూర్చోలేదు. మామూలుగా, నేనెలా నడుస్తానో అలా నడిచాను."

కర్రలు తీసుకుని లేచారు. లాకులు పడ్డ చప్పుడైంది.

"పదహారు నిమిషాలండి."